గుట్ట కిందనే ఆగిన మేక కథ

తాతా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాదైంది. ఇది నువ్వు సదవవని ఎరికే. నోటితోని చెప్పుడు నాకెప్పుడూ రాదు, గందుకే రాస్తున్న.

నీ దోస్తు యాదయ్య తాత నడుసుడు బందు పెట్టిండు. ఇట్లనే కూసుంటే మంచంల పడ్తడని డాక్టర్ చెప్పిండంట. మీరిద్దరు రోజూ పొద్దుగాల ఫిల్మ్ నగర్ గుట్ట ఎక్కుతుంటిరి గదా. చిన్నప్పుడు మీరిద్దరు గాడ మేకలు కాసిన ముచ్చట నువ్వు కింద సగం చెప్పి ఆపుతుంటివి. "మిగిలింది పైన చెప్త, రారా ముసలోడా" అంటుంటివి. ఆయన తిట్టుకుంటనే ఎక్కుతుండె.

ఇయ్యాల నేను గూడ గట్లనే చేసిన. చెయ్యి పట్టి ఆయన్ని గుట్ట కాడికి తీస్కపోయిన. సిగ్గయినా, మేక బండల సందుల ఇరుక్కున్న కథ మొదలుపెట్టి సగంల ఆపిన. "మిగిలింది పైన చెప్త తాతా" అన్న.

ఆయన నవ్విండు. "గా మేక నాదే బిడ్డా, నాకు తెల్వదా? మీ తాత రోజుకో అబద్ధం కలుపుతుండె. ఓనాడు పులొచ్చిందంటుండె, ఓనాడు నేను ఏడ్సిన అంటుండె. వాని అబద్ధం ఏందో పట్టుకునేటందుకే ఎక్కుతుంటి."

"పులి కాదు, ఏనుగొచ్చింది తాతా" అన్న నేను.

"నువ్వు గాడ లేవు గదరా" అన్నడు, మెల్లగ.

ఎండెక్కేదాకా గుట్ట కిందనే కూసున్నం. నిన్ను తిట్టినట్టు ఒక్కసారన్న నన్ను తిట్టుకుంట లేస్తడేమోనని చూసిన తాతా. తిట్టలే.