టోపీ పెట్టుకున్న తాబేలు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

నువ్వు ఫోనెత్తవు కాబట్టి ఈ ఉత్తరం హెడ్డాఫీసు వాచ్‌మన్ చేతికిస్తున్నాను. మన కంపెనీలో లిఫ్టు మెకానిక్కుల జట్లకు మార్కులిచ్చే సాఫ్ట్‌వేర్ నువ్వే తయారుచేశావట కదా! మా నలుగురి జట్టుకు మైనస్ నలభై వచ్చింది. పక్కన నిద్రపోతున్న తాబేలు బొమ్మ! ఈ ఏడాది మా లిఫ్టు ఒక్కటీ ఆగలేదు. రోజుకు మూడు ఆగే అవతలి జట్టుకేమో కిరీటమా? నెలాఖరుకు అట్టడుగున ఉన్న జట్టును విడదీసి తలో మూలకూ పంపుతారట. పద్దెనిమిదేళ్లుగా ఒకే క్యారేజీలో తిన్నవాళ్లం. నాకు దిగులుగా ఉందిరా.

ఇట్లు,
మామయ్య

తా.క.: తాబేలుకు టోపీ కూడా పెట్టారు. ఆ గీసినవాడెవడో కనుక్కో.

మామయ్యకు నమస్కారాలు.

లెక్క చాలా తేలిక. ఫిర్యాదు వచ్చి, దాన్ని పరిష్కరిస్తే పది మార్కులు. మీకు ఫిర్యాదులే రావు, మార్కులెలా వస్తాయి? పైగా ప్రతి సోమవారం ఎవరూ పిలవకుండానే వెళ్లి నూనె వేస్తున్నారు. అడగని పనికి కోత పడుతుంది. అది మానేయండి.

మీ మేనల్లుడు

తా.క.: గీసింది నేనే. ముద్దుగా ఉందన్నారు అందరూ.

ఒరే మేనల్లుడా,

ఫిర్యాదులుండాలన్నావని మేమే పెట్టుకున్నాం. 'స్క్రూడ్రైవర్ కనబడలేదు' అని రాసి, 'జేబులోనే ఉంది' అని పరిష్కరించాం. 'టీ చల్లారింది', 'వేడిచేశాం'. సాయంత్రానికి ఇరవై రెండు! ఇంత అసంతృప్తి ఉన్న జట్టు ఇంకోటి లేదని నీ సాఫ్ట్‌వేర్ మైనస్ మూడొందలు చేసింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టుంది దాని తెలివి. తాబేలు ఇప్పుడు వెల్లకిలా పడుంది. మా జట్టులో లావాటివాడు నిన్నటినుంచి అన్నం ముట్టలేదు.

విసిగిపోయిన మామయ్య

తా.క.: నూనె మానేసి మూడు సోమవారాలైంది. చేతులు ఊరుకోవడం లేదు.

మామయ్యా,

సొంత ఫిర్యాదులు, బంధువుల ఫిర్యాదులు చెల్లవు! లిఫ్టెక్కే మనిషి చేయాలి. అయినా ఇప్పుడు ఆ గొడవెందుకు? ఈ చీటీ లిఫ్టు తలుపు సందులోంచి వాచ్‌మన్‌కు ఇస్తున్నాను. హెడ్డాఫీసు లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది, లోపల ఇరుక్కున్నాను. ఇది మీ జట్టుదేగా? వెంటనే రండి!

మీ మేనల్లుడు

తా.క.: పక్కన డైరెక్టరుగారున్నారు. మార్కుల పద్ధతి గురించి వివరించమంటున్నారు.

చిరంజీవికి,

కంగారుపడకు. నలుగురం తలుపు ఇవతలే ఉన్నాం, తాళంచెవి చేతిలోనే ఉంది. కానీ ఫిర్యాదు రాకుండా తీస్తే అడగని పని అవుతుంది, కోత పడుతుంది. నీ ఫిర్యాదేమో బంధువుది, చెల్లదు. డైరెక్టరుగారి చేత పెట్టించు. అంతవరకూ ఆయనకు నీ లెక్క వివరించు, తేలికే కదా.

మామయ్య

తా.క.: ఇది రాస్తుండగానే డైరెక్టరుగారు సందులోంచి సంతకం పెట్టిన ఫిర్యాదు చీటీ తోశారు. మా జట్టును విడదీయరట, సోమవారం నూనెకు యాభై మార్కులట. తలుపు తీస్తున్నాం. తాబేలును మాత్రం మీ కంప్యూటర్ విభాగానికి మార్చమన్నారు. టోపీ ఉండనిమ్మన్నారు.