సుగుణ మేడం కొత్త నవల

జూలై 8, మంగళవారం

వచ్చింది. సుగుణ మేడం కొత్త నవల, 'నీ వెనకే వానలా'. కొరియర్ అతను కలెక్టరేట్ గేటు దగ్గర నుంచి ఫోన్ చేస్తే డేటా ఎంట్రీ సగంలో వదిలేసి పరిగెత్తాను. ఆరేళ్ళు ఎదురుచూశాం ఈ పుస్తకం కోసం. రెండు కాపీలు ఆర్డర్ పెట్టాను. ఒకటి నాకు, ఇక్కడ భూపాలపల్లికి. ఇంకొకటి నేరుగా మహబూబాబాద్‌లో చెల్లి దీప హాస్టల్‌కి. దీప డిగ్రీ సెకండియర్. ఒకేసారి మొదలుపెట్టాలి, ముందు ముగించినవాళ్ళు నోరు విప్పకూడదు అని ఒప్పందం.

అట్ట మీద వాన. గొడుగు లేని అమ్మాయి. ఆమె వెనక ఒక మగవాడి నీడ. నచ్చలేదు. అట్ట వేసేది మేడం కాదు కదా అనుకున్నాను.

జూలై 9, బుధవారం, ఉదయం

ఆఫీసుకు బయల్దేరే ముందు రెండు చాప్టర్లు. కిటికీ మీద బొగ్గు దుమ్ము తుడవలేదు, టిఫిన్ చేయలేదు. ఈ ఆత్రం చూస్తే నాకే నవ్వొస్తోంది.

ఆమె పాత నవల 'బొగ్గుబండి ఆగని స్టేషన్' మరిపెడ స్కూల్ లైబ్రరీలో దొరికింది, నేను టెన్త్‌లో ఉన్నప్పుడు. తండాకు తెచ్చి పొయ్యి దగ్గర కూర్చుని దీపకు చదివి వినిపించేదాన్ని. మా యాడికి, అంటే అమ్మకు, తెలుగు చదవడం రాదు. ఆమె కోసం మధ్యమధ్యలో మా లంబాడీలోకి మార్చి చెప్పేదాన్ని. వసుధ అనే క్లర్కు, ఒక చిన్న స్టేషన్ క్వార్టర్స్‌లో ఒక్కతే ఉంటుంది. ఎవడో ఫోన్ చేసి మాట్లాడకుండా వింటుంటాడు. గుమ్మంలో పూలు పెట్టి పోతుంటాడు. చివరికి ఎదురుగా వచ్చి నిలబడి ఇదంతా ప్రేమ అంటాడు. భయపెట్టినవాడు ప్రేమ అన్నంత మాత్రాన భయం పోదు అని చెప్పి వసుధ తలుపు వేసేస్తుంది. యాడి రొట్టె చేయడం ఆపేసి విన్నది. తర్వాత వాడు ఏం చేశాడు అని దీప అడిగింది. వాడి సంగతి మనకెందుకు అంది యాడి.

ఉద్యోగం వచ్చినప్పుడు ఎవరూ తెలియని ఊళ్ళో ఒక్కదాన్నే గది తీసుకున్నాను. మా బాపు మాన్‌సింగ్ వద్దన్నాడు. వసుధ లేకపోతే ఆ మాట వినేదాన్నేమో.

జూలై 11, శుక్రవారం

సగం దాటాను. ఇంకా ఆశ వదల్లేదు.

జూలై 13, ఆదివారం

అయిపోయింది.

కోపం రావడం లేదు. ఎవరో దగ్గరివాళ్ళు రోడ్డు మీద కనబడి కూడా పలకరించకుండా వెళ్ళిపోయినట్టు ఉంది.

ఇందులో హీరోయిన్ డాక్టర్. పేరుకే డాక్టర్, ఒక్క పేషెంటును కూడా చూడదు. ఒకడు ఆమె ఎక్కడికి వెళ్తే అక్కడికి వస్తుంటాడు. ఆమెకు నిద్ర పట్టదు, అన్నం సహించదు. ఈ భయం రాసినంతవరకు మేడమే. ఆ చేయి నాకు తెలుసు. కానీ ఆఖరి చాప్టర్‌లో తేలేది ఏమిటంటే, ఆమెను చంపాలని చూస్తున్న అసలు హంతకుడు వేరే ఉన్నాడట. వెంటపడినవాడు ఆమెకు తెలియకుండా కాపలా కాశాడట. ఆమె వానలో అతని గుండె మీద తల పెట్టి క్షమించమని ఏడుస్తుంది. క్షమించమని అడిగేది ఆమె.

మూడో చాప్టర్‌కే హంతకుడు ఎవరో తెలిసిపోయింది. అది కూడా సర్దుకునేదాన్ని. ఆ డాక్టర్ ఇంట్లో పనిచేసే తండా అమ్మాయి నోరు తెరిచిన ప్రతిసారీ నవ్వులాట. అదీ సర్దుకునేదాన్నేమో, ఈ ముగింపు లేకపోతే.

జూలై 14, సోమవారం, సాయంత్రం

దీప ఫోన్ చేసింది. మూడుసార్లు ఏడ్చిందట చివరి చాప్టర్‌కి. నేను నా మాట చెప్పేలోపే ఇంకో విషయం చెప్పింది.

పోయిన డిసెంబర్ నుంచి ఒకడు ఆమె వెంట తిరుగుతున్నాడు. పేరు రాహుల్. సెల్ ఫోన్ల షాపులో పనిచేస్తాడు. హాస్టల్ నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి హాస్టల్‌కి. దారి మార్చితే ఆ దారిలోనూ ఉండేవాడు. భయపడి, జ్వరమని అబద్ధం చెప్పి కాలేజీ మానేసిన రోజులు కూడా ఉన్నాయట. ఇన్ని నెలలు నాకెందుకు చెప్పలేదే అన్నాను. నువ్వు పరేషాన్ అయితవని అంది.

తర్వాత గొంతు మారింది.

"అక్కా, నేనే ఆయనను తప్పుగ అనుకున్ననేమో. బుక్కు సదివినంక ఒక్కసారన్న మాట్లాడాలె అనిపించింది. నిన్న మాట్లాడిన."

'వాడు' అనలేదు. 'ఆయన' అంది.

ఆ పుస్తకం పంపింది నేను.

జూలై 20, ఆదివారం

మహబూబాబాద్ వెళ్ళొచ్చాను. దీపను హాస్టల్ నుంచి స్టేషన్ దగ్గరి హోటల్‌కు తీసుకెళ్ళాను. చిక్కిపోయి ఉంటుందనుకున్నాను, బాగానే ఉంది. కళ్ళు మెరుస్తున్నాయి. నేను నవల గురించి మొదలుపెట్టాను. అది కథ, కథలో హంతకుడిని రచయిత్రి కావాలని పెట్టింది, వెంటపడినవాడిని మంచివాడిగా చూపించడానికి. నీ వెంట ఏ హంతకుడు ఉన్నాడని ఇతను కాపలా కాశాడు?

దీప దోసె తుంచుతూ కూర్చుంది. ఆఖరికి, నువ్వు ఆయనను చూడనే లేదు గద అంది.

చూడాల్సి వచ్చింది. రోడ్డు అవతల బండి మీద కూర్చున్నాడు. దీప చేయి ఊపితే లోపలికి వచ్చాడు. మామూలు మనిషి. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు.

"నమస్తే అక్క. మీ ట్రైన్ లేటయిందట గద."

నా ట్రైన్ సంగతి ఇతనికి ఎవరు చెప్పారు? దీప వైపు చూశాను. ఆమె గర్వంగా నవ్వుతోంది. తనను అంత జాగ్రత్తగా చూసుకుంటాడని కాబోలు.

అతను వెళ్ళాక బాపుకు చెబుతానన్నాను. చెప్పు, బాపు వెంటనే వచ్చి చదువు బంద్ చేయించి తండాకు తీస్కపోతడు, గదేనా నీకు కావాల్సింది అంది. అది నిజమే. షీ టీమ్ పోలీసులకు చెబుతానన్నాను. కంప్లయింట్ ఎవరు ఇయ్యాలె, నేనే గద, నాకేం కంప్లయింట్ లేదు అంది. అదీ నిజమే. బిల్లు వచ్చేదాకా ఇద్దరం నీళ్ళు తాగుతూ కూర్చున్నాం.

జూలై 21, సోమవారం

నా మాట వినదు. సుగుణ మేడం మాట వింటుంది.

జూలై 27, ఆదివారం, సాయంత్రం, జనగామ స్టేషన్

ట్రైన్‌కు ఇంకా టైముంది.

పుస్తకం వెనక మేడం అడ్రసు ఉంది. స్టేషన్ వెనక వీధి. గేటు తీసింది మేడం భర్త రాంచందర్ గారు, రిటైర్డ్ ఇంజనీర్. పాఠకురాలినని చెప్పగానే ఎంత సంతోషపడ్డారో. తనే నీళ్ళు తెచ్చి ఇచ్చారు. మేడం వచ్చి కూర్చుంది. ఫొటోలో కంటే చిన్నగా ఉంది, చీర కొంగు భుజం చుట్టూ కప్పుకొని. చేతులు పట్టుకుని, గంత దూరం నుంచి వచ్చినవా బిడ్డ అంది.

మాట్లాడింది మాత్రం ఆయనే. ఆరేళ్ళ కింద రిటైరయ్యారట. ఇదివరకు ఆమె చేత్తో రాసి పంపేదట, ఇప్పుడు ఆయన టైప్ చేస్తారట. మొదటి రీడర్ ఆయనే.

"ఊకె తలుపులు మూసుకునుడేంది, జర మంచి ముగింపు పెట్టమన్న. ఈ ఎండింగ్ నాదేనమ్మా."

నవ్వారు. మేడం కూడా నవ్వింది.

కాసేపటికి మిర్చి బజ్జీలు తెస్తానని ఆయన బయటికి వెళ్ళారు. నేను ఆగలేదు. దీప సంగతి మొత్తం చెప్పాను. తప్పు మీదే అన్నట్టు వినబడిందేమో కూడా. ఆమె తల దించుకుని విన్నది. గోడ అవతల గూడ్సు బండి పోయింది.

"మేము గూడ గట్లనే కలిసినం బిడ్డ," అంది. "నేను సదివే కాలేజీ గేటు ముంగట నిలబడేటోడు. రెండేండ్లు."

భయం వేసిందా అని అడిగాను.

"ఏసింది."

తర్వాత?

"తర్వాత పెండ్లయింది."

వసుధ గురించి అడిగాను. ఆ తలుపు గురించి.

"గదే నేను ఏసుకోలేకపోయిన తలుపు. గందుకే రాసుకున్న." గేటు వైపు చూసింది. "ఆయన చెడ్డోడు గాదు. పిల్లలను మంచిగ సదివించిండు. నన్ను ఒక్క మాట అనడు. కని ఏడికి పోయినా ఎనుకకు తిరిగి సూసుడు అలవాటైంది. ఇంట్ల ఉన్నా గూడ."

ఈ మాట మా చెల్లికి చెప్పండి మేడం, ఇది ఒక్కటి చాలు అన్నాను. ఆమె కాదనలేదు. నేనే దీపకు కలిపి ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. బిడ్డా, నేను సుగుణను మాట్లాడుతున్న అంది. అవతల దీప అరిచినంత పని చేసింది, నాకు వినబడింది. మేడం ఒకసారి గట్టిగా గాలి పీల్చుకుంది. అప్పుడే గేటు చప్పుడు.

"బుక్కు నచ్చిందా బిడ్డ? సంతోషం. మంచిగ సదువుకో."

ఫోన్ నాకు ఇచ్చేసింది. నా కళ్ళలోకి చూడలేదు. రాంచందర్ గారు బజ్జీల పొట్లం విప్పి, వేడిగా ఉన్నయి, తినమ్మా అన్నారు. తిన్నాను. ఇంకేం చేయాలి?

జూలై 28, సోమవారం

మేడం చెప్పకుండా మింగిన మాట నేనే దీపకు చెప్పాను. ఉన్నది ఉన్నట్టు.

"అంటే వాళ్ళు ఇప్పటికీ కలిసే ఉన్నరు గద," అంది.

వెనక్కి తిరిగి చూసే అలవాటు గురించి మళ్ళీ చెప్పాను. ముసలోళ్ళకు ఏదో ఒక అలవాటు ఉంటది అక్కా అంది. తర్వాత మెల్లగా, నీ లెక్క ఒక్కదాన్నే ఒక గదిల ఉండుడు నాతోని కాదు అంది. గొడవ పెట్టుకోవాలని కాదు. మామూలుగా అంది.

ఇవాళ్టిదాకా ఈ గది నాకు ఎప్పుడూ చిన్నగా కనబడలేదు.

ఆగస్టు 2, శనివారం

యాడికి చెప్పేద్దామని ఫోన్ చేశాను. పత్తికి ఎరువు వేశారా అని అడిగి పెట్టేశాను.

ఆగస్టు 6, బుధవారం, హన్మకొండ బస్సులో, మహబూబాబాద్ దారిలో

ఆదివారం నుంచి దీప ఫోన్ స్విచ్చాఫ్. హాస్టల్‌కు చేస్తే రోజూ కాలేజీకి వెళ్ళొస్తోంది అన్నారు. ఈ ఉదయం కొత్త నంబరు నుంచి మెసేజ్: ఇగ ఇదే నా నంబర్ అక్కా. వెంటనే చేశాను.

"చెప్పండి అక్క," అన్నాడు రాహుల్.

దీపకు ఇవ్వమన్నాను. స్పీకర్‌లో పెట్టిన, వింటున్నది, చెప్పండి అన్నాడు. చాలా మర్యాదగా.

అతనికి మా భాష రాదు. లంబాడీలో అడిగాను, నీకు భయమేస్తోందా అని.



ఏమంటుంది మీ అక్క, అని అతను అడగడం వినబడింది.

"తిన్నవా అని అడుగుతుంది," అంది దీప.