నాన్నకంటే ముందు

లింకన్, 9 అక్టోబర్ 1954

నాన్నా,
నేను కులాసాగానే ఉన్నాను, దగ్గు తగ్గింది, కంగారు పడకండి.

మూడు రోజులు వెతికాక ఇక్కడి పాత రికార్డుల్లో తాతయ్య కాగితం దొరికింది. "పొలం తగాదానా అమ్మా?" అన్నాడు గుమాస్తా. "కాదండీ, మావాళ్ళ గురించి తెలుసుకుందామని" అన్నాను. మన పొలానికి పట్టా కోసం తాతయ్య 1876లో ఇచ్చిన వాంగ్మూలం అది. ఐదేళ్ళు అక్కడే కాపురం ఉంటేనే పట్టా ఇచ్చేవారట, అందుకని ఈ ఐదేళ్ళలో ఎప్పుడైనా నేల వదిలి వెళ్ళావా అని అడిగారు. తాతయ్య చెప్పింది ఇదీ: "ఒక్కసారే, పదకొండు రోజులు. 1873 చలికాలంలో మా మూడేళ్ళ పాప ఆస్లాగ్‌కి జబ్బు చేస్తే బండిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక్కణ్ణే తిరిగొచ్చాను."

గుమాస్తా కూడా అది చదివి, "కాసేపు కూర్చోమ్మా" అంటూ కుర్చీ జరిపాడు.

ఇంట్లో మీరే తొలిచూలని ఇన్నాళ్ళూ అనుకున్నాం. మీకో అక్క ఉండేది నాన్నా. నాన్నమ్మ ఎప్పుడైనా ఆ పేరు తలుచుకుందా? గుర్తుంటే రాయండి.

ఆపిల్ పళ్ళు కోయడం అయిందా? మీరు నిచ్చెన ఎక్కకండి, తమ్ముడు ఆర్నేని పిలవండి. తాతయ్య, నాన్నమ్మల సమాధికి కొత్త రాయి చెక్కుతున్న అతన్ని ఆగమనండి. రాయి మీద వాళ్ళ పిల్లల పేర్లలో మీ పేరుకి పైన ఒక వరుస ఖాళీ వదలమనండి.

దేవుడు అమ్మనీ మిమ్మల్నీ చల్లగా చూడాలి.

మీ రాగ్నా