మెల్లగంటే అందదు, గట్టిగంటే నొప్పి

శుక్రవారం, మణుగూరు

ఇయ్యాల నా భార్య సరోజ నన్ను ఖమ్మం దవాఖానాకు తోలుకపోయింది. అక్కడ డాక్టర్ చెప్పిండు, చిన్న చప్పుడైతే లోపలి చెవి నుంచి కొన్ని నరాలే మెదడుకు కబురు పంపుతయట. పెద్దదైతే చానా నరాలు జల్దీ జల్దీ పంపుతయట. గనిల ఇన్నేండ్లు డ్రిల్లు మిషన్ నడిపి నా చెవుల కణాలు చచ్చిపోయినయని అన్నడు. అందుకే చిన్న మాట అందదు, చప్పుడు కొంచెం పెరిగితే మిగిలిన నరాలన్నీ ఒక్కసారే లేచి పొడిచినట్టయితది.

వచ్చేటప్పుడు బస్సుల సరోజ ఏందో అన్నది. రెండుసార్లు వినపడలే. మూడోసారి గట్టిగ అంటే "అరవకు!" అని కసిరిన. అందరూ మా దిక్కే చూసిండ్రు.

ఇంటికొచ్చినంక అన్నం పెట్టి, తినమని చేత్తోనే సైగ చేసింది. చెవికి నొప్పి లేదు. కానీ సరోజకు మాట్లాడకుండ సైగ చేసుడే అలవాటైతదేమో...