విశ్రాంతి దొరకని రెండు స్ప్రింగులు

లిఫ్టుల తనిఖీ అధికారి వారి సముఖమునకు,
అయిదో అంతస్తు.

అయ్యా,

విషయం: తమ కార్యాలయ భవనపు లిఫ్టును ఈ పూటే నిలిపివేయించుట గురించి.

ఇనుప, ఉక్కు సామానుకు ఫాస్ఫేటు పూత వేసే కార్ఖానాలో ఇరవై ఆరేళ్ళుగా తొట్టి మేస్త్రీగా పనిచేయుచున్న నేను తమకు సవినయంగా మనవి చేసుకొనునది:

1. సదరు పూత అనగా రంగు కాదు. సామానును ఫాస్ఫేటు నీళ్ళ తొట్టిలో ముంచగా, దాని ఒంటి మీదే సన్నని బూడిదరంగు పొర పుట్టి తుప్పును రానివ్వకుండును. మునుపు ఈ పనికి ఇరవై నిమిషములు పట్టేది. నిరుడు తొట్టిలోకి కరెంటు పంపే యంత్రం వచ్చినది మొదలు నాలుగు నిమిషాల్లో అయిపోతున్నది. పూత కూడా నున్నగా వస్తున్నది. ఆ విషయమై నాకు ఫిర్యాదు లేదు.

2. అయితే కరెంటు పెట్టినప్పుడు సామాను చుట్టూ బుడగలు లేచును. అది హైడ్రోజన్ వాయువు. అందులో కొంత పైకి పోక ఉక్కులోకి దూరును. మెత్తటి ఇనుముకు దానివల్ల బాధ లేదు. స్ప్రింగుల వంటి గట్టి ఉక్కు మాత్రం పెళుసెక్కును. కావున స్ప్రింగులను తొట్టిలోంచి తీసిన పిదప అయిదు రోజులు బల్ల మీద ఊరికే ఉంచవలెను. లోపలి వాయువు దానంతటదే బయటికి పోవును. మా దగ్గర దీనిని విశ్రాంతి అంటాము. అది పూర్తయ్యాక వాటికి కట్టే ట్యాగు మీద తేదీలు వేసి సంతకం చేయవలసినవాడను నేను.

3. సోమవారం ఉదయం తీసిన ఆరు లిఫ్టు బ్రేకు స్ప్రింగులలో రెండింటిని మా యజమాని ఆ మధ్యాహ్నమే అడిగారు. ఎక్కడో లిఫ్టు నాలుగు రోజులుగా ఆగిపోయిందని, మెట్లెక్కలేక జనం తిట్టిపోస్తున్నారని చెప్పారు. విశ్రాంతి కాలేదని నేనంటే, "నీళ్ళలో మునిగి లేచిన ఇనుముకి ఆయాసమేంటి మేస్త్రీ? తేదీ కాస్త వెనక్కి వేసి పెట్టు," అన్నారు. నేను నవ్వాను. వేసి పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. తప్పు నాదే.

4. ఆ సాయంత్రం మనసు ఊరుకోక, మిగిలిన నాలుగింటిని వైసు దవడల మధ్య పెట్టి, బ్రేకులో ఎంత నొక్కుడు ఉండునో అంత నొక్కి బిగించాను. బుధవారం ఉదయం టీ తాగుతుండగా ఒకటి టప్పున విరిగింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రెండు స్ప్రింగులు ఎక్కడికి పంపారని యజమానిని అడిగితే, "విరిగింది ఒకటే కదా, చూద్దాంలే," అన్నారు. ఈ ఉదయం తలుపు తీసేసరికి మరొకటి ముక్కలై నేల మీద ఉంది.

5. అవి ఏ లిఫ్టుకు వెళ్ళినవో నిన్న సాయంత్రం తెలిసినది. మా అమ్మాయి తమ భవనంలోనే లిఫ్టు నడుపును. పని నుంచి వచ్చి నా చేతిలో ట్యాగు పెట్టి, "చూడు నాన్నా, మొన్న మా లిఫ్టు బ్రేకుకి కొత్త స్ప్రింగులు వేశారు. వాటికిది కట్టుంది. నీ సంతకం చూసి దాచిపెట్టా. మా వాళ్ళందరికీ చూపించా," అన్నది.

అయ్యా, దాని మొహంలో అంత సంతోషం చూసి చాలా కాలమైంది. జరిగింది చెప్పాను. నమ్మలేదు. "నువ్వు దొంగ సంతకం పెట్టే మనిషివి కాదు. ఊరికే భయపడుతున్నావు," అని, ఈ ఉదయం మామూలుగానే పనిలోకి వచ్చేసింది. రోజుకి నూరుసార్లు పైకీ కిందికీ తిరిగేది అదొక్కతే.

6. మోటారు ఆగగానే లిఫ్టును పట్టి ఉంచేది బ్రేకు. బ్రేకును నొక్కి పట్టేవి ఆ రెండు స్ప్రింగులే. పైకి చూస్తే అవి లక్షణంగా ఉండును. కావున తమ సిబ్బంది టార్చి వేసి చూసి "బాగున్నవి" అని రాయకుండా చూడగలరు.

పై కారణముల చేత లిఫ్టును ఆపించి, స్ప్రింగులు మార్పించి, నాపై చర్య ఆ తరువాత తీరిగ్గా తీసుకోగలరు. తమరు చిత్తగించవలెను, చిత్తగించే లోపల మాత్రం మెట్లు వాడవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
తొట్టి మేస్త్రీ

జతపరచినవి: విరిగిన స్ప్రింగులు రెండు, ట్యాగు ఒకటి.

తా.క.: కింద అర్జీలు తీసుకునే గుమాస్తా గారు, తమరు సమావేశంలో ఉన్నారని నన్ను పైకి వెళ్ళనివ్వలేదు. అర్జీల పెట్టె మధ్యాహ్నం లిఫ్టులో పైకి వస్తుందట, రేపటికి తమ బల్ల మీద ఉంటుందట. నా వల్ల కాలేదండీ. లిఫ్టు కిందికి వచ్చి జనమంతా దిగేదాకా ఆగి, స్విచ్చు గదిలోకి వెళ్ళి మెయిన్ దింపేసి, తలుపుకి నా సైకిలు తాళం వేశాను. తాళంచెవి నా జేబులో ఉంది. ఈ కాగితాన్ని టీ ఇచ్చే ఆయన చేత మెట్ల మీదుగా పంపుతున్నాను. తమరు దిగి వస్తే ఇస్తాను.

మా అమ్మాయి చీకట్లో కాసేపు లిఫ్టులోనే కూర్చుంది. తర్వాత బయటికి వచ్చి, "నిజంగానే దొంగ సంతకం పెట్టావా?" అని అడిగింది. పెట్టానన్నాను. స్టూలు తెచ్చి లిఫ్టు గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళకల్లా, "మా నాన్న తప్పు చేశాడండి, మెట్లెక్కండి," అని చెబుతోంది. నాకు వినబడేంత గట్టిగానే చెబుతోంది. చెప్పనివ్వండి.