దూది మబ్బులో చేతులు

అక్కా, ఇక్కడ అందరం కులాసా, నువ్వు బెంగపెట్టుకోకు.

బావని మా దిండ్ల షెడ్డులో పనికి పంపాలంటే భయమేస్తోందన్నావుగా, నిన్నటి సంగతి విను. దూది ఏకే మిషను ఆపి మళ్లీ వేసే ముందు పనివాళ్లంతా రెండు చేతులూ పైకెత్తాలి. తలా ఒక దేశం, ఒకరి మాట ఒకరికి రాదు, అందుకే ఆ పద్ధతి పెట్టాను. పొద్దుటెండలో దూది నుసి తేలుతుంటే మనుషులు కనబడరు, మబ్బులోంచి చేతులు మొలిచినట్టుంటుంది. కలేమో అనిపిస్తుంది.

నిన్న సరుకు కొనే షావుకారు వచ్చి, "దొంగలు పడ్డారేంటయ్యా, అందరూ చేతులెత్తారు? లారీ ఆగింది, స్విచ్చి వెయ్యి!" అన్నాడు.

"లారీ పోతే ఇంకోటి పిలుస్తా, వేళ్లు పోతే ఎక్కణ్ణించి తేను సార్?" అన్నాను.

చూద్దును కదా, కుట్టుపనావిడ చేతులు లేవు! కూనిరాగం తీస్తూ మిషను పళ్లలో ఇరుక్కున్న పీలిక లాగుతోంది. స్విచ్చి మీంచి చెయ్యి తీసేశాను. ఆవిడ పని ముగించి, తీరిగ్గా నవ్వి, రెండు చేతులూ ఎత్తింది. షావుకారూ ఎత్తేశాడు!

అమ్మ కళ్లజోడు మార్పించావా? నా ఉన్ని దుప్పటి బావ చేత పంపు. ఆయన చేతులు రెండూ కళ్లారా చూడందే నేను స్విచ్చి ముట్టుకోను. అమ్మకి దణ్ణాలు, పిల్లలకి ముద్దులు.

నీ తమ్ముడు