మట్టి రైలు ఆఖరి చెక్క

అన్నయ్యా,

దరియాలతిప్పలో నువ్వు తోసిన మట్టిబళ్ల రైలు పట్టాలు ఈరోజు పీకేశారు. ఫ్రెంచివాళ్లు వెళ్లిన ఏడాదే పెంకుల ఫ్యాక్టరీ మూతపడింది. ఇక గోదావరి ఒడ్డుకి బంకమట్టి చేరవేసే పనే లేదు.

రోజూ తవ్విన మొదటి ముద్దని, మట్టి గుంత అంచున పట్టాల కింది ఆఖరి చెక్కకి అద్దాకే మీరు పని మొదలుపెట్టేవాళ్లు. ఇదే రోజున ఆ గుంత నీ మీద కూలి, ఏటినీళ్లు కమ్మేసి, నువ్వు దొరకలేదు. అప్పట్నుంచి ఏటా ఈ రోజున ఆ ముద్ద నేను అద్దుతున్నాను. చుట్టూ నీళ్లే. నీ చోటుకి ఆ చెక్కే గుర్తు.

"అదొక్కటీ ఉంచేయండి మేస్త్రిగారూ" అని బతిమాలాను.

జాలిపడ్డాడు. పెకలించి నా నెత్తిన పెట్టాడు. "అట్టుకెళ్లండమ్మా, పొయ్యిలోకి పనికొత్తాది."

 చెక్క ఇంట్లో ఉంది. నువ్వెక్కడున్నావో ఇక ఎవరూ చెప్పలేరు.

నీ చెల్లి